పేరు చెప్పు, నువ్వెవరో మేం చెబుతాం

కిందటేడు ఒక కుర్రాడు మా ఇంటికొచ్చాడు. పరిశోధక విద్యార్థి. మంచివాడు, మన కథలూ కవిత్వమూ చదివినవాడు, మతతత్వం అంటే మండిపడేవాడు. సంచిలోంచి ఓటర్ల జాబితా కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. రెండు వేల పేర్లు. ఒక్కో పేరు పక్కన కంప్యూటర్ వేసిన ఒక అంకె, దాని పక్కన ఒక ఖాళీ గడి. ముస్లిం అయితే ఒకటి వెయ్యాలి, కాకపోతే సున్నా.

"కంప్యూటర్ చాలావరకు తేల్చేసింది సార్. సరిగ్గా తేల్చిందో లేదో చూడ్డానికి ఒక మనిషి కావాలి. మీకైతే చూడగానే తెలిసిపోతుంది కదా" అన్నాడు.

మీకైతే! ఆ మాటలో చెడ్డ ఉద్దేశం లేదని నాకు తెలుసు. అయినా ఎక్కడో గుచ్చుకుంది. టీ వచ్చింది. పెన్ను తీసుకున్నాను. అబ్దుల్ రహీం - ఒకటి. వెంకట సుబ్బయ్య - సున్నా. ఫాతిమాబీ - ఒకటి. మొదటి పేజీ రెండు నిమిషాల్లో అయిపోయింది. రెండో పేజీలో ఒక మస్తానయ్య తగిలాడు. యంత్రం అతనికి 0.48 వేసింది. అంటే నూటికి నలభై ఎనిమిది పాళ్లు ముస్లిం అన్నమాట. సగానికి రెండు పాళ్లు తక్కువ కాబట్టి హిందువుల్లో కలిపేసింది. కింద ఒక ఉసేనప్ప. ఆ కింద ఒక ఫకీరయ్య. తండ్రి పేరు కోసం చూశాను. ఫకీరయ్య తండ్రి కోటయ్య. ఉసేనప్ప తండ్రి పెద్ద ఉసేనప్ప.

పెన్ను మూత పెట్టేశాను.

మా దూదేకుల వాళ్లకి ఈ గడి కొత్తది కాదు. బళ్లో చేర్చుకునేప్పుడు పంతులు అడిగేవాడు, "నువ్వు సాయిబువా, కాదా? ఒకటి చెప్పు" అని. పేరు వింటే ఒక రకంగా, అమ్మ కట్టుబొట్టు చూస్తే ఇంకో రకంగా ఉండేది ఆయనకి. ఊళ్లో గొడవ జరిగితే మేం తురకలం. మసీదులో వెనక వరసలో నిలబడితే, ఉర్దూ రాని మీరేం ముసల్మానులు అనేవాళ్లు. ఇంట్లో తెలుగు, పెళ్లిలో నిఖా, మొహర్రానికి పీర్లు, గుమ్మానికి మామిడాకులు. ప్రభుత్వం మాత్రం మమ్మల్ని బీసీ-బి అంది. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని నాలుగు పేర్లతో ఒకే గడిలో రాసుకుంది. మేం మాత్రం ఎవరో ఒకరు అడిగినప్పుడు సమాధానం చెప్పుకుంటూ బతికాం. ఒక్కోసారి ఒక్కో సమాధానం. అది మా మోసం కాదు, మా చరిత్ర. ఆ సమాధానం తడబడినా, మారినా, చెప్పింది మేమే. ఇప్పుడు అడిగే పని కూడా లేదంటున్నాయి కొత్త సామాజిక శాస్త్రాలు.

ఈ పని ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మన రచయితల్లో చాలామందికి 'కృత్రిమ మేధ' అనగానే బొమ్మలు గీసేదో, దొంగ వ్యాసాలు రాసిపెట్టేదో గుర్తొస్తుంది. మన మీద అది చాలా రోజుల నుంచే నిశ్శబ్దంగా పని చేస్తోంది. మన దేశంలో కోర్టు రికార్డుల్లో, ఓటర్ల జాబితాల్లో మతం ఉండదు. పేర్లుంటాయి. పరిశోధకులకి మతం కావాలి. కాబట్టి పేరుని బట్టి మతాన్ని ఊహించే పద్ధతులు కనిపెట్టారు. రాఫెల్ సూసెవిండ్ అనే ఆయన దక్షిణాసియా పేర్లను బట్టి మతాన్ని అంచనా వేసే పద్ధతి గురించి 2015లో వ్యాసం ప్రచురించాడు. తర్వాత వచ్చినవాళ్లు పేర్ల పట్టికతో సరిపెట్టకుండా, పేరులోని అక్షరాల వరుసనే యంత్రానికి నేర్పారు. మతం తెలిసిన లక్షల పేర్లు దానికి చూపిస్తారు. 'ఉద్దీన్'తో ముగిస్తే, 'ఉల్లా'తో ముగిస్తే, 'బీ' వస్తే ఇటు. 'అయ్య', 'అప్ప', 'అమ్మ' వస్తే అటు. తర్వాత కొత్త పేరు ఇస్తే సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకె చెబుతుంది. సగం దాటితే ముస్లిం. మరీ సందిగ్ధంగా ఉన్నవాటిని చాలామంది లెక్కలోంచి తీసేస్తారు.

దీనితో పెద్ద పెద్ద పనులే చేశారు. 2010 నుంచి 2018 వరకు కింది కోర్టుల్లో నడిచిన 50 లక్షలకు పైగా క్రిమినల్ కేసులు తీసుకుని, జడ్జీ, ముద్దాయీ ఒకే మతం వాళ్లయితే తీర్పు మారుతోందా అని కొందరు ఆర్థికశాస్త్రవేత్తలు చూశారు. జడ్జీ ముస్లిమా కాదా, ముద్దాయి ముస్లిమా కాదా అన్నది యంత్రమే పేరు చూసి తేల్చింది. మొత్తం మీద అలాంటి పక్షపాతం కనపడలేదన్నారు. ఆ మాట వినగానే మనవాళ్లు కొందరు భుజాలు తడుముకున్నారు, అవతలివాళ్లు కొందరు చప్పట్లు కొట్టారు. నిజానికి ఆ పరిశోధకులే రాశారు: న్యాయవ్యవస్థలో మిగతా చోట్ల వివక్ష లేదని తమ ఫలితం చెప్పదని. పోలీసు ఎవర్ని పట్టుకొచ్చాడు, ఏ సెక్షన్ పెట్టాడు, బెయిలుకి జామీను ఎవరికి దొరకలేదు - ఇవన్నీ తీర్పుకి ముందే అయిపోయే పనులు. విచారణ ఖైదీల్లో మన వాటా జనాభాలో మన వాటాకంటే ఎక్కువని జైళ్ల లెక్కలు ఏటా చెబుతూనే ఉన్నాయి. ఆ చర్చ వేరే. నా పట్టింపు ఇంకో చోట ఉంది.

ఆ యంత్రానికి మతం ఎలా నేర్పారో తెలుసా? రైల్వే ఉద్యోగాల పరీక్ష రాసిన 14 లక్షల మంది పేర్లతో. వాళ్లు దరఖాస్తులో మతం ఫలానా అని తామే రాసుకున్నారు. ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. రైల్వే పరీక్ష రాసే పిల్లలెవరో మనకు తెలుసు. ట్రాక్‌మన్ ఉద్యోగమైనా చాలనుకుని, ఫీజుకి అప్పు చేసి, రాత్రంతా ప్యాసింజరు బండిలో నిలబడి పరీక్షా కేంద్రానికి పోయే పిల్లలు. దరఖాస్తులో ప్రతి గడీ నింపకపోతే తిరగ్గొడతారన్న భయంతో మతం గడి కూడా నింపారు. ఉద్యోగం వచ్చినవాళ్లు ఎందరో గానీ, వాళ్ల సమాధానం మాత్రం ఒక యంత్రానికి చదువు చెప్పడానికి పనికొచ్చింది. నీ పేరూ నీ మతమూ ఇలా వాడుకోవచ్చా అని వాళ్లని ఎవరైనా అడిగారా? మంచి పనికే వాడారు, కాదనను. కానీ సామాజిక శాస్త్రంలో మొట్టమొదటి నీతి, మనిషిని అడిగి రాసుకోవడం. అడగడం ఖర్చు, ఆలస్యం. అందుకే మొదట తగ్గించేది అదే.

ఇంకో ప్రశ్న. ఆ 14 లక్షల్లో మా మస్తానయ్యలు ఎందరుంటారు?

ఈ పేర్ల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. నెల్లూరు జిల్లా కసుమూరులో మస్తాన్ వలీ దర్గా ఉంది. పిల్లలు నిలవకపోతే అక్కడ మొక్కుకుంటారు. నిలిచిన పిల్లాడికి మస్తాన్ అని పెడతారు. సాయిబుల ఇంట్లో పుడితే మస్తాన్ వలీ, కమ్మోళ్ల ఇంట్లో పుడితే మస్తాన్‌రావు, యానాదుల ఇంట్లో పుడితే మస్తానయ్య, దూదేకుల ఇంట్లో పుట్టినా మస్తానయ్యే. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరు ఉంది. మొహర్రం పదిరోజులూ ఊరు ఊరంతా, చుట్టుపక్కల జిల్లాలతో సహా అక్కడే ఉంటుంది. ఆ సీమలో కుళ్లాయప్పలు రెండు మతాల్లోనూ ఉన్నారు. గూగూడు పీర్ల పండగ మీద మన అఫ్సర్ 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. ఇలా ఊరు ఊరుకీ ఒక పీరు, పీరు పీరుకీ వంద పేర్లు.

యంత్రానికి ఇదంతా 'పొరపాటు'. శాస్త్ర భాషలో అయితే 'వర్గీకరణ దోషం'. నూటికి నాలుగైదు దోషాలుంటే గొప్ప ఫలితమే అంటారు. గణితంలో నిజమే కావచ్చు. కానీ దోషాలు గాల్లోంచి రాలిన ధూళిలాగా అన్ని ఇళ్ల మీదా సమానంగా పడవు. ఢిల్లీ సయ్యద్ పేరు విషయంలో యంత్రం ఎప్పుడూ తడబడదు. తడబడేదల్లా దూదేకుల దగ్గర, ఫకీర్ల దగ్గర, పీర్లకు మొక్కే మాలమాదిగల దగ్గర. అంటే కలిసి బతికిన చోట తడబడుతుంది. 'మరీ సందిగ్ధం' అని తీసేసిన పేర్లన్నీ ఒక సంచిలో పోస్తే, మన అభ్యుదయ మిత్రులు వేదికలెక్కి చెప్పే మిశ్రమ సంస్కృతి అందులోనే ఉంటుంది. దాన్ని తీసేశాక మిగిలిన రెండు కుప్పలు పెట్టుకుని, ఈ దేశంలో హిందువులూ ముస్లిములూ ఎంత వేరువేరుగా ఉన్నారో కొలుస్తారు. దూది ఏకేవాడు గింజనీ నలకనీ వేరు చేస్తాడు, దూదిని పారేయడు.

ఇక్కడ ఒక లౌకిక మిత్రుడు తప్పకుండా అడుగుతాడు: మరి లెక్కలు వద్దంటారా? లెక్కలు లేకపోతే మీ వెనకబాటుతనం రుజువయ్యేదెలా?

వద్దని ఎలా అంటాం? లెక్క లేక చచ్చినవాళ్లం మేం. 2006లో సచార్ కమిటీ లెక్క తీసేదాకా ఐఏఎస్‌లలో ముస్లిములు 3 శాతమని గట్టిగా చెప్పడానికి మన దగ్గర కాగితం లేదు. సైన్యంలో ఎందరున్నారో చెప్పమని అదే కమిటీ అడిగితే దేశమంతా గగ్గోలు పెట్టింది. సైన్యానికి మతం అంటగడతారా అన్నారు. ఆ లెక్క రానేలేదు. బుజ్జగింపు అనడానికి లెక్క అక్కర్లేదు, వెనకబాటు అనడానికి మాత్రం లెక్క కావాలి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదాల మీద వాయిదాలు పడింది. ప్రభుత్వం లెక్క ఇవ్వనప్పుడు పరిశోధకులు పేర్లని పట్టుకుని వెతుక్కోవడం నాకు అర్థమవుతుంది. అలా వెతికే, దేశంలో సుమారు 15 లక్షల పేటల్ని పరిశీలించి, పట్టణ ముస్లిముల్లో 26 శాతం మంది, ఎనభై శాతానికి మించి ముస్లిములే ఉండే పేటల్లో బతుకుతున్నారని తేల్చారు. ముస్లిములు ఎక్కువయ్యే కొద్దీ ఆ పేటలో ప్రభుత్వ బడులూ ఆస్పత్రులూ తగ్గుతాయని కూడా తేల్చారు. పాతబస్తీలో పుట్టినవాడికి ఇది కొత్త సంగతి కాదు. కానీ పాతబస్తీ వాడి మాట ఎవరు విన్నారు? అంకె అయితే వింటారు. కాబట్టి ఈ యంత్రానికి మనం కొంత రుణపడ్డాం కూడా. ఆ మాట దాచడం నాకు ఇష్టం లేదు.

అయితే పేరుతో చేసే పరిశోధనలన్నీ ఒకటి కావు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. పత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపారు. చదువులూ అర్హతలూ సమానం, పేర్లే వేరు. కొన్ని పై కులాల హిందూ పేర్లు, కొన్ని దళిత పేర్లు, కొన్ని ముస్లిం పేర్లు. పిలుపు వచ్చే అవకాశం పై కులం పేరుతో పోలిస్తే దళిత పేరుకి సుమారు మూడింట రెండొంతులు, ముస్లిం పేరుకి మూడింట ఒక వంతు. నేను ఎక్కడ మాట్లాడినా ఈ అంకెలు చెబుతాను. అక్కడ వాడిన పేర్లు కల్పితం. ఏ మస్తానయ్యనీ ఎవరూ ఒకటనీ సున్నా అనీ తేల్చలేదు. అక్కడ పరీక్షకి నిలబడింది ఉద్యోగమిచ్చే యజమాని కన్ను. ఇక్కడ పరీక్షకి నిలబడింది మన పేరు.

ఇంకాస్త ముందుకి వెళ్తే, నా అసలు తగాదా ఇదీ: యంత్రం నేర్చుకున్నది కూడా ఆ యజమాని కన్నే. పేరు వినగానే "ఓహో, వాళ్లా!" అనుకునే చూపు. ఇల్లు అద్దెకిచ్చే ఆసామి చూపు. ఆ చూపుని కొలవడానికి యంత్రం బాగానే పనికొస్తుంది. మస్తాన్‌రావు అనే హిందువుకి పేరు చూసి ఇల్లివ్వకపోతే, అది ముస్లిం వ్యతిరేకతే. అతను ముస్లిం కాకపోయినా సరే. కాబట్టి పరిశోధకుడు తన పట్టికలో 'ముస్లిముగా కనిపించే పేరు' అని రాసుకుంటే నాకు పేచీ లేదు. అలా రాయడు. 'ముస్లిం' అనే రాస్తాడు. కనిపించడం నుంచి ఉండడంలోకి ఒక్క గెంతు గెంతుతాడు. మన అస్తిత్వ పోరాటమంతా ఆ గెంతు మీదే కదా! మేం ఎవరమో మేం చెబుతాం, మీరు మా గురించి రాసింది చాలు అనే కదా మనం కలం పట్టింది.

ఈ రాసేవాళ్ల వరస పాతదే. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. కొలతల పనిముట్లు పట్టుకుని మనుషుల తలలూ ముక్కులూ కొలిచినవాడు. అందులో మా దూదేకుల మీదా ఒక ఆరోపం ఉంది. అతను కనీసం మనిషి దగ్గరికి వచ్చి కొలిచాడు. ముక్కు కొలిపించుకున్నవాడికి, ఎవడో వచ్చి తన ముక్కు కొలిచాడని తెలిసింది. ఇప్పుడు కొలిచిన సంగతి కూడా తెలియదు.

పోనీ, తెలియకపోతే నష్టమేంటి? పత్రికల్లో అచ్చయ్యేవి శాతాలే కదా, మనుషుల పేర్లు కాదు కదా?

నష్టం శాతాల్లో లేదు, పనిముట్టులో ఉంది. శాస్త్రవేత్తలు తమ పద్ధతిని దాచుకోకూడదు, పదిమందికీ ఇవ్వాలి. అది మంచి సంప్రదాయమే. కానీ ఈ సంప్రదాయం వల్ల, ఒక ఊరి ఓటర్ల జాబితా ఇస్తే ఏ ఇంట్లో ముస్లిములున్నారో చెప్పే పనిముట్టు ఎవరికైనా దొరుకుతుంది. 2002లో గుజరాత్‌లో దాడులు చేసినవాళ్ల చేతుల్లో ముస్లిముల ఇళ్లూ దుకాణాలూ రాసిన కంప్యూటర్ ప్రింటు కాగితాలున్నాయని హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక ఆ ఏడే రాసింది. ఆ రోజు ఆ జాబితా తయారు చెయ్యడానికి ఎవరో కూర్చుని పేరు పేరూ ఏరాల్సి వచ్చింది. ఈ రోజు ఆ కష్టం లేదు. పనిముట్టుని కనిపెట్టినవాళ్లు దుర్మార్గులని నేననడం లేదు. వాళ్లలో చాలామంది మన పక్షానే ఉన్నారు. కానీ ఇంత పదునైనదాన్ని వాకిట్లో వదిలేసేముందు, ఆ వాకిట్లో ఆడుకునే పిల్లలు ఎవరివో ఆలోచించాలా వద్దా? వాళ్ల పిల్లలైతే కాదు.

ప్రభుత్వం చేతికి చేరాక ఏమవుతుందో తెలంగాణలో చూశాం. సమగ్ర వేదిక అని, ప్రభుత్వ శాఖల సమాచారాన్నంతా కలిపి, పేర్లూ చిరునామాలూ పోల్చి, ఎవరికి కారుంది, ఎవరికి ఇల్లుంది అని తేల్చే యంత్రాంగం పెట్టారు. దాన్ని బట్టి రేషన్ కార్డులు పోయాయి. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల్ని ఇంటింటికీ వెళ్లి మళ్లీ చూడమని 2022లో సుప్రీం కోర్టు చెప్పాల్సి వచ్చింది. అదే పేరున్న ఇంకెవరికో కారుంటే ఇక్కడ బియ్యం ఆగిపోయిన ఇళ్ల గురించి 2024లో పత్రికల్లో వచ్చింది. మన పేర్ల సంగతి మనకి తెలుసు. వీధికి పదిమంది అలీలు, ఇరవైమంది ఖాదర్లు. ఇంగ్లీషులో షేక్‌ని రాసే తీరులే నాలుగైదు. మహమ్మద్‌ని ఒక గుమాస్తా పూర్తిగా రాస్తాడు, ఇంకో గుమాస్తా రెండక్షరాల్లో తేల్చేస్తాడు. పేర్లు పోల్చే యంత్రం ముందు బీద ముస్లిం నిలబడితే, అతను ఒక్కడు కాదు, పదిమంది. ఆ పదిమందిలో ఒకడికి కారుంటే చాలు.

పేరు చదివే యంత్రం సంగతి ఇది. ఇప్పుడు మన బదులు మాట్లాడే యంత్రం కూడా వచ్చింది. సర్వేలకి మనుషుల్ని వెతకడం కష్టంగా ఉంది కాబట్టి, భాషా యంత్రాన్నే ఫలానా వయసు, ఫలానా జాతి, ఫలానా ప్రాంతం మనిషిగా ఊహించుకోమని చెప్పి, దాని సమాధానాలు తీసుకోవచ్చా అని 2023లో అమెరికాలో కొందరు పొలిటికల్ సైన్స్ పరిశోధకులు పరీక్షించారు. వాడిన యంత్రం జీపీటీ-3. అమెరికా ఓటర్ల విషయంలో సమాధానాలు బాగానే సరిపోయాయన్నారు. అదే యంత్రం మీద 2021లో అబూబకర్ అబిద్, మహీన్ ఫారూఖీ, జేమ్స్ జూ చేసిన పరీక్ష మన పాఠకులు తెలుసుకోవాలి. 'ఇద్దరు ముస్లిములు నడుచుకుంటూ వచ్చి...' అన్న అర్థం వచ్చే సగం వాక్యం ఇచ్చి, పూర్తి చెయ్యమన్నారు. వందసార్లు అడిగితే 66 సార్లు హింసతో పూర్తి చేసింది. ముస్లిం అన్న మాటకి పోలిక చెప్పమంటే నూటికి 23 సార్లు ఉగ్రవాది అంది. ఆ తర్వాత వచ్చిన యంత్రాలు మర్యాద నేర్చుకున్నాయి, అంత పచ్చిగా అనవు. మర్యాద నేర్చుకున్నవాడి మనసులో ఏముందో మనకి అనుభవమే.

నాకు దాని తిట్టుకంటే దాని నమూనా ముస్లిమే ఎక్కువ భయం. ప్రకాశం జిల్లాలో మిర్చి కోతకి పోయే దూదేకుల ఆడమనిషిలా మాట్లాడమంటే అది మాట్లాడుతుంది. మాట్లాడ్డానికి దానికి మొహమాటం లేదు. కానీ ఆమె మాట ఎక్కడైనా రాసి ఉంటే కదా అది చదివి నేర్చుకోడానికి? మన కథలు వచ్చిందే నిన్నమొన్న. అవి కూడా ఐదొందల కాపీలు, వెయ్యి కాపీలు. తలాక్ గురించి, బురఖా గురించి ఇతరులు రాసింది మాత్రం కొండంత ఉంది. ఆ కొండే ఆమె గొంతుతో మాట్లాడుతుంది. ఆమె కూలి రేటు గురించి అడుగుదామనుకునే పరిశోధకుడికి కూడా బురఖా గురించే చెబుతుంది. మన తరఫున మాట్లాడే హక్కు మత పెద్దలకి ఎవరిచ్చారని, పార్టీలకి ఎవరిచ్చారని మనం పోట్లాడాం. ఇప్పుడీ కొత్త ముతవల్లితో ఎక్కడ పోట్లాడాలో తెలియడం లేదు.

అడగడం ఇంకా చావలేదనడానికి మన ముందే ఒక ఉదాహరణ ఉంది. 2024 నవంబర్‌లో తెలంగాణలో కుల సర్వే మొదలైంది. దాని మీద వందా తొంభై విమర్శలున్నాయి, కొన్ని నావి కూడా. కానీ గుమ్మం దగ్గరికి మనిషి వచ్చి అడిగాడు. జనాభాలో 10.08 శాతం మంది బీసీ ముస్లిములుగా, 2.48 శాతం మంది ఓసీ ముస్లిములుగా లెక్క తేలారు. ఏ యంత్రమూ పేరు చూసి ఈ రెంటినీ విడదీయలేదు. షేక్ అన్న మాట ఇంటి పేరుగా బీసీ-ఇ లోనూ ఉంటుంది, గొప్పింటి వంశంగా బయటా వినబడుతుంది. అచ్చుకట్లవాళ్లూ, గారడీ సాయిబులూ, అత్తరు సాయిబులూ, హజాంలూ - వీళ్లంతా యంత్రానికి ఒకటే ఒకటి. ముస్లిముల్లో కులం ఉందని చెప్పడానికి మన తరం ఎంతమంది దగ్గర తిట్లు తిన్నదో! మళ్లీ ఒక్క అంకెలో కలిపేస్తే ఆ తిట్లన్నీ వృథా.

కుర్రాడి సంగతి చెప్పలేదు. కాగితాలు వెనక్కి ఇచ్చేశాను. "రెండు వేల పేర్లలో నాకు అనుమానం వచ్చినవి నూట పదహారు. వాటికి చుట్టు చుట్టాను. ఆ ఊళ్లు నీకు బస్సుకి రెండు గంటలు. పోయి అడుగు బాబూ" అన్నాను. అతని ముఖం చిన్నబోయింది. గైడు ఒప్పుకోడన్నాడు, టైము లేదన్నాడు. కానీ వెళ్లాడు. నెల తర్వాత ఫోన్ చేశాడు.

తొంభై మంది దాకా దొరికారట. మస్తానయ్యల్లో దూదేకులవాళ్లు కొందరు, యానాదులు కొందరు, ఒకాయన క్రైస్తవుడు. ఉసేనప్ప కూతురు చల్ల పోసిందట, "రెండూ రాసుకో నాయనా" అందట. రెండూ రాయడానికి తన పట్టికలో చోటు లేదని వాపోయాడు. ఒక్క ఫకీరయ్య మాత్రం ఏం చెప్పలేదట. మంచం మీద నుంచి లేవకుండానే కుర్రాణ్ని ఎగాదిగా చూసి, "ఎందుకడుగుతున్నావ్? ఎవరు పంపారు?" అన్నాడట. ఎంతసేపు చెప్పినా అదే ప్రశ్నట.

"ఏం చేశావ్?" అన్నాను.

"గడి ఖాళీగా వదిలేశాను సార్. పేరు కూడా కొట్టేశాను" అన్నాడు.